బల్లారట్‌లో రెండు హోటళ్ళు: ఒకటి తగలబడింది, ఒకటి నిలబడింది

(మెల్‌బోర్న్‌లో తెలుగువాళ్ళు కొంతమంది కలుసుకున్న ఒక ఆదివారం సమావేశంలో ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయిన వాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారమండి. వెనక కూర్చున్న వాళ్ళకి వినబడుతోందా? సరే, వినబడకపోతే చెయ్యెత్తండి, నేను గొంతు పెంచుతాను.

మీలో చాలామంది బల్లారట్ వెళ్ళే ఉంటారు, ఇక్కణ్ణుంచి ఎంతండీ, నూట పది కిలోమీటర్లు, గంటన్నర డ్రైవు. ఇండియా నుంచి అమ్మానాన్నలు రాగానే సావరిన్ హిల్, అదే, పాత బంగారు గనుల ఊరిలా కట్టిన మ్యూజియం, అక్కడికి తీసుకెళ్ళడం, పిల్లలచేత ఆ వాగులో పళ్ళెం తిప్పించడం, రెండు బంగారు రవ్వలు సీసాలో వేయించుకుని రావడం, ఇదంతా అయ్యే ఉంటుంది. సిటిజెన్‌షిప్ పరీక్షకి చదివిన వాళ్ళకైతే యురేకా తిరుగుబాటు అని ఒక పేరా కూడా గుర్తుండొచ్చు. నీలం జెండా, తెల్ల సిలువ, నక్షత్రాలు, గని కార్మికులు సైన్యం మీద తిరగబడ్డారు, అంతే. పరీక్ష పాసైపోయాం, మర్చిపోయాం. అంతేనా కాదా?

నేను ఇవాళ జెండా గురించి మాట్లాడను. ఆ జెండా ఎగరడానికి ఆరు వారాల ముందు ఒక పబ్బు తగలబడింది, దాని గురించి మాట్లాడతాను. దాంతోపాటు అదే ఊళ్ళో ఇంకో పబ్బు, అది ఇప్పటికీ ఉంది, కావాలంటే వెళ్ళి భోంచేసి రావచ్చు. ఈ దేశంలో పాతకాలపు హోటల్ అంటే కింద బారు, పైన గదులు, పక్కన గుర్రాలకి కొట్టం, ఇదీ లెక్క, మన ఇడ్లీ సాంబారు హోటలు కాదు, అది మనసులో పెట్టుకుని వినండి.

అసలు నేను చెప్పాలనుకున్నది ముందే చెప్పేస్తాను, తర్వాత కథలో పడి మర్చిపోతానేమో. ఇది తాగుడు గొడవ అని చాలామంది అనుకుంటారు. తాగుడు గొడవ కాదండి. కాగితం గొడవ. ఆ ఊళ్ళో రెండు కాగితాలు ఉండేవి. ఒకటి నేల తవ్వుకునేవాడి దగ్గర ఉండాల్సిన లైసెన్సు. ఇంకోటి మందు అమ్ముకునేవాడి దగ్గర ఉండే లైసెన్సు. మొదటి కాగితం లేనివాణ్ణి వేటాడారు. రెండో కాగితం ఉన్నవాణ్ణి కాపాడారు. రెండిటి వెనకా ఉన్నది ఒకే ఆఫీసు, ఒకే మనుషులు. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతా కథంతా దానంతట అదే అర్థమవుతుంది.

సరే, మొదటికొద్దాం. 1851 ఆగస్టులో బల్లారట్ దగ్గర బంగారం దొరికింది. మొదట్లో పైపైనే దొరికింది, గడ్డపార దింపితే దొరికింది, అదృష్టం ఉంటే ఒక్క వారంలో జీవితం మారిపోయేది. మూడేళ్ళు తిరిగేసరికి ఇరవై వేల పైచిలుకు జనం, ఐర్లండు, స్కాట్లండు, ఇంగ్లండు, అమెరికా, జర్మనీ, ఇటలీ, చైనా, ఎక్కడెక్కణ్ణుంచో వచ్చి గుడారాలు వేసుకున్నారు. ప్రభుత్వం వచ్చినవాడి దగ్గరల్లా లైసెన్సు ఫీజు వసూలు చెయ్యడం మొదలెట్టింది, నెలకి 30 షిల్లింగులు, అంటే ఒకటిన్నర పౌన్లు. బంగారం దొరికితే కట్టు అని కాదు, దొరికినా దొరక్కపోయినా కట్టాల్సిందే. 1853లో గొడవలు అయ్యాక కొంచెం తగ్గించారు, నెలకి ఒక పౌను, మూడు నెలలకి రెండు పౌన్లు అలాగ.

తగ్గించారు కదా ఇంకేంటి గొడవ అంటారా? ఇక్కడ ఒక విషయం చెప్పాలి, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, కొంచెం సేపు తీసుకుంటాను. 1854 నాటికి పైనున్న బంగారం అయిపోయింది. మిగిలింది ఎక్కడుందంటే, లక్షల ఏళ్ళ కింద అక్కడ పారిన నదులు ఉన్నాయి చూశారా, ఆ నదుల అడుగు ఇసకలో. ఆ నదుల మీద తర్వాత మట్టి, బంకమన్ను, కొన్నిచోట్ల నల్లరాయి పేరుకుపోయి అవి లోపలికి పోయాయి. వాటిని లీడ్ అనేవాళ్ళు, యురేకా లీడ్ అందులో ఒకటి. ఆ నది దాకా దిగాలంటే వందా, నూటయాభై అడుగుల బావి తవ్వాలి. తవ్వుతుంటే నీళ్ళు ఊరతాయి, రాత్రీపగలూ తోడాలి. గోడలు కూలకుండా చుట్టూ చెక్కలు దించాలి. ఒక్కడి వల్ల కాదు, ఎనిమిది పదిమంది కలిసి ఒక బావి. నెలలు పడుతుంది. తీరా అంతా దిగాక కింద నది అక్కడ లేదు, ఇరవై అడుగులు పక్కకి వంగిపోయింది! అంతే, అంతా వృథా. మరి ఆ నెలలన్నీ ఏం తిన్నారు? కొట్లో అప్పు. ఆ నెలలన్నీ లైసెన్సు ఫీజు కట్టాలా? కట్టాలి. చేతిలో ఒక్క రవ్వ బంగారం చూడకుండానే కట్టాలి.

దానికి తోడు తనిఖీలు. 1854 జూన్‌లో సర్ చార్లెస్ హోథమ్ అని కొత్త గవర్నర్ వచ్చాడు, నౌకాదళం మనిషి, ఖజానా ఖాళీగా ఉంది, లైసెన్సు తనిఖీ వారానికి రెండుసార్లు చెయ్యండన్నాడు. తుపాకులు పట్టుకుని గుర్రాల మీద పోలీసులు దిగుతారు, బావిలో నూరడుగుల కింద బురదలో ఉన్నవాణ్ణి పైకి రమ్మని కాగితం చూపించమంటారు. చొక్కా జేబులో పెట్టుకుంటే తడిసిపోతుంది కదండీ, గుడారంలో పెడతాడు, గుడారం దాకా వెళ్ళి తెస్తానంటే వినరు. జరిమానా, లేకపోతే గొలుసేసి చెట్టుకి కట్టెయ్యడం. పోలీసులు వస్తున్నారని ఒకడు చూడగానే "జో! జో!" అని అరిచేవాడు, ఆ కేక ఒక బావి నుంచి ఇంకో బావికి పాకి కాగితం లేనివాళ్ళందరూ కిందకి దిగిపోయేవాళ్ళు. పాత గవర్నర్ పేరు చార్లెస్ జోసెఫ్ లట్రోబ్, ఆయన మీద వెటకారం అన్నమాట ఆ జో.

ఇప్పుడు రెండో కాగితం. తవ్వకాల మీద మొదటి రెండు మూడేళ్ళు మందు అమ్మకూడదని చట్టం. చట్టం ఉంది కాబట్టి మందు లేదనుకుంటున్నారా? భలేవారే. ప్రతి రెండో గుడారంలో దొంగచాటుగా అమ్మేవాళ్ళు, పైకి కిరాణా కొట్టు, లోపల సీసాలు. పట్టుబడితే 50 పౌన్ల జరిమానా, గుడారం సరుకుతో సహా తగలబెట్టేవాళ్ళు. మామూళ్ళు ఇచ్చుకున్నవాడికి ఏమీ ఉండేది కాదు. మనవైపు సారా పాటల రోజులు చూసినవాళ్ళు ఈ గదిలో ఉన్నారు, పాట పాడుకున్నవాడికి పోలీసు ఎంత దగ్గరో, పాడుకోనివాడికి ఎంత దూరమో మీకు నేను చెప్పక్కర్లేదు.

మొదట లైసెన్సు దొరికింది ప్రభుత్వం సర్వే చేసి అమ్మిన టౌన్‌షిప్ జాగాలో. అక్కడ లిడియార్డ్ స్ట్రీట్‌లో 1853లో థామస్ బాత్ అనే ఆయన హోటల్ పెట్టాడు, బల్లారట్‌లో మొట్టమొదటి లైసెన్సు హోటల్ అదే. దగ్గర్లోనే గవర్నమెంటు క్యాంపు, అంటే కమిషనరు, మేజిస్ట్రేటు, సైనికులు, జైలు, అన్నీను. బాత్స్ హోటల్ ఆఫీసర్లు కూర్చునే చోటు, పెద్దమనుషుల చోటు. తవ్వకాలు జరిగే యురేకా అటు తూర్పున, బురదలో. బాత్స్ హోటల్‌ని పక్కన పెట్టుకోండి, మళ్ళీ దానికొస్తాం.

తూర్పున, సరిగ్గా యురేకా తవ్వకాల మధ్యలో, 1854 జులైలో ఇంకో హోటల్‌కి లైసెన్సు వచ్చింది. యురేకా హోటల్. ఓనర్ జేమ్స్ బెంట్లీ. ఈయన పాత ఖైదీ, ఇంగ్లండులో శిక్షపడి టాస్మానియాకి పంపించారు, శిక్ష అయిపోయాక వ్యాపారంలోకి దిగాడు. భార్య కేథరిన్, ఐర్లండు అమ్మాయి. చుట్టూ గుడ్డ గుడారాలు, మధ్యలో ఈ పెద్ద చెక్క భవనం, బారు, గదులు, పక్కన బౌలింగ్ ఆడుకోడానికి ఒక షెడ్డు. ముప్ఫై వేల పౌన్లు పెట్టారని తర్వాత వాళ్ళే చెప్పుకున్నారు. అంత కాకపోయినా ఎక్కువే, అప్పు మీద అప్పు చేసి కట్టారు. రాత్రి దీపాలు వెలిగిస్తే ఆ చీకటి గుట్టల మధ్య అదొక్కటే కనబడేదట.

లైసెన్సు ఇచ్చింది ఎవరు? జాన్ డ్యూస్, పోలీసు మేజిస్ట్రేటు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. ఈయనకి బెంట్లీతో డబ్బు లావాదేవీలు ఉన్నాయని ఊరంతా చెప్పుకునేది. తర్వాత విచారణలో, ఆయన హోటళ్ళవాళ్ళ దగ్గర అప్పులు తీసుకునేవాడని బయటపడింది కూడా. లైసెన్సు ఇచ్చేవాడే అప్పు తీసుకుంటే ఇంక ఆ అప్పుని అప్పు అంటారా, మీరే చెప్పండి.

అక్టోబరు 7, శనివారం, తెల్లవారుజాము. జేమ్స్ స్కోబీ అని స్కాట్లండు కుర్రాడు, చాలా రోజుల తర్వాత కలిసిన స్నేహితుడు పీటర్ మార్టిన్‌తో కలిసి రాత్రంతా తాగాడు. దారిలో బెంట్లీ హోటల్ కనబడింది, ఇంకో రౌండు వేద్దామని తలుపు తట్టారు. మూసేశాం పొమ్మన్నారు. మాటా మాటా పెరిగింది, అద్దం పగిలింది, ఓనరమ్మని ఏదో మాట అన్నారని కూడా తర్వాత సాక్ష్యంలో వచ్చింది. సరే, వీళ్ళిద్దరూ తూలుకుంటూ వెళ్ళిపోయారు. వెనకే హోటల్ వైపు నుంచి కొంతమంది వచ్చారు. కొట్టారు. మార్టిన్ లేచేసరికి స్కోబీ చచ్చిపోయి ఉన్నాడు. పక్క గుడారంలో పదేళ్ళ పిల్లాడు, బెర్నార్డ్ వెల్ష్, వాళ్ళమ్మ, ఇద్దరూ చూశారు, విన్నారు, హోటల్ వాళ్ళే అని చెప్పారు.

ఇప్పుడు ఇందాకటి కాగితం సంగతి తల్చుకోండి. లైసెన్సు జేబులో లేనివాణ్ణి అక్కడికక్కడ గొలుసేసి లాక్కెళ్ళే ప్రభుత్వం, మనిషి ప్రాణం పోయిన కేసులో ఏం చేసింది? అక్టోబరు 12న బెంట్లీని విచారణకి పిలిచారు. బెంచి మీద ముగ్గురు. ఒకరు మన డ్యూస్. రెండో ఆయన గోల్డ్ కమిషనర్ రాబర్ట్ రీడ్. మూడో ఆయన జాన్‌స్టన్. సాక్ష్యం చాలదు, బెంట్లీ మీద మచ్చలేదు, వెళ్ళిపోవచ్చన్నారు. జాన్‌స్టన్ ఒక్కడే ఒప్పుకోలేదు, పాపం, ఒకటికి రెండు ఓట్లు.

అప్పటికే ఇంకోటి అయ్యుంది. అక్టోబరు 10న యోహానెస్ గ్రెగోరియస్ అని, అక్కడి క్యాథలిక్ మతగురువు ఫాదర్ స్మిత్ దగ్గర పనిచేసే ఆర్మేనియన్ మనిషి, కాలు సరిగ్గా లేనివాడు, రోగిని చూడ్డానికి ఒక గుడారంలోకి వెళ్తే లైసెన్సు లేదని పట్టుకుని కొట్టి జరిమానా వేశారు. చర్చి నౌకరుకి తవ్వుకునే లైసెన్సు ఎందుకండీ? ఐరిష్ వాళ్ళందరూ మండిపోయారు. చూడండి, రెండు రోజుల తేడా. ఒక కుంటివాడికి కాగితం లేదని శిక్ష, ఒక హోటల్ ఓనర్‌కి కాగితం ఉందని క్షమాభిక్ష. నేను కావాలని కలిపి చెప్పడం లేదు, ఆ జనమే అప్పుడు కలిపి చూశారు.

అక్టోబరు 17, మంగళవారం. స్కోబీ చనిపోయిన చోట సభ పెట్టారు. ఎంతమంది వచ్చారన్నది ఎవరి లెక్క వారిది, ఐదువేలకి తక్కువ ఎవరూ చెప్పరు, పదివేలని చెప్పేవాళ్ళూ ఉన్నారు. సభలో వక్తలు చాలా మర్యాదగా మాట్లాడారండి, మళ్ళీ విచారణ జరిపించాలి, చందాలు వేసుకుని వకీలుని పెట్టుకుందాం, ఇవీ తీర్మానాలు. సభ అయిపోయింది. జనం ఇళ్ళకి పోలేదు. హోటల్ అక్కడికి నాలుగడుగుల్లో కనబడుతోంది, ముందు పోలీసులు నిలబడి ఉన్నారు. ఎవడో ఒక రాయి విసిరాడు, దీపం పగిలింది. ఇంక ఆగలేదు. కిటికీలు పోయాయి, తలుపులు పోయాయి, సామాన్లు బయటపడ్డాయి. కమిషనర్ రీడ్ వచ్చి కిటికీలో నిలబడి ఏదో చెప్పబోతే కోడిగుడ్లు పడ్డాయి. బౌలింగ్ షెడ్డు గుడ్డది కదా, ముందు అక్కడ అంటుకుంది, గాలి బాగా వీస్తోంది, చెక్క భవనం, చూస్తుండగానే మొత్తం బూడిద. సైనికులు వచ్చి కూడా ఏమీ చెయ్యలేక నిలబడిపోయారు. బెంట్లీ అప్పటికే కోటు కూడా వేసుకోకుండా పోలీసు గుర్రం ఎక్కి క్యాంపుకి పారిపోయాడు. పారిపోవడానికి కూడా పోలీసు గుర్రమే దొరికింది చూశారా, జనానికి అది ఇంకా మంట.

లైసెన్సు వచ్చింది జులైలో, తగలబడింది అక్టోబరు 17న. మూడు నెలల హోటల్ అండి. మూడే మూడు నెలలు!

ఇక్కడ కేథరిన్ గురించి కొంచెం మాట్లాడాలి, ఎందుకంటే మామూలుగా ఎవరూ మాట్లాడరు. ఆ హోటల్ ఆమెది కూడా. ఆ రోజు ఆమె గర్భిణి, అప్పటికే ఒక చిన్న పిల్లాడు ఉన్నాడు. తర్వాత హత్య కేసులో ఆమె పేరూ పెట్టారు. నవంబరు 18న మెల్‌బోర్న్‌లో విచారణ, జడ్జి రెడ్మండ్ బ్యారీ. బెంట్లీకి, ఇంకో ఇద్దరికి మూడేళ్ళ కఠిన శిక్ష, కేథరిన్ నిర్దోషి అని వదిలేశారు. వదిలేస్తే ఎక్కడికి వెళ్ళాలి? మొగుడు జైల్లో, హోటల్ బూడిద, అప్పులవాళ్ళు గుమ్మంలో. మొగుడు బయటికొచ్చాక నష్టపరిహారం ఇప్పించండని అర్జీలు పెట్టుకున్నారు, దమ్మిడీ రాలేదు. బెంట్లీ 1873లో మెల్‌బోర్న్‌లోనే విషం తాగి చనిపోయాడు. స్కోబీ చావుకి వాళ్ళు బాధ్యులే, నేను కాదనను, కోర్టు తేల్చింది. కానీ తగలబెట్టిన వాళ్ళ వారసులు రాసుకున్న కథలో ఆవిడ ఒక గయ్యాళి పబ్బు ఓనరుగా మిగిలిపోయింది, అది మాత్రం నాకు సబబుగా అనిపించదు.

మరి నిప్పు పెట్టిన వాళ్ళు? వేలమందిలో ముగ్గుర్ని పట్టుకున్నారు, మెకింటైర్, ఫ్లెచర్, వెస్టబీ. దొరికినవాణ్ణి పట్టుకున్నారు, అంతే. ఆ ముగ్గురికీ శిక్ష పడింది, మూడు, నాలుగు, ఆరు నెలలు. జ్యూరీ వాళ్ళు దోషులని చెబుతూనే ఒక మాట రాయించింది, బల్లారట్ అధికారులు వాళ్ళ పని వాళ్ళు సరిగ్గా చేసుంటే మాకీ బాధ తప్పేది అని. ఆ ముగ్గుర్నీ విడుదల చెయ్యమని గని కార్మికుల సంఘం తరఫున ముగ్గురు వెళ్ళి గవర్నర్‌ని అడిగారు. ఆయన ఒప్పుకోలేదు. నవంబరు 29న బేకరీ హిల్ మీద జెండా ఎగిరింది, లైసెన్సు కాగితాలు కుప్పపోసి తగలబెట్టారు. మొదట రెండో కాగితం ఉన్నవాడి హోటల్ తగలబెట్టారు, ఇప్పుడు సొంత కాగితాలే తగలబెట్టారు. మర్నాడే ప్రభుత్వం మళ్ళీ లైసెన్సు తనిఖీకి దిగింది, బుద్ధి ఉంటే ఆ రోజు చేస్తారా?

డిసెంబరు 3 సంగతి మీకు తెలిసిందే, తొందరగా చెప్పేస్తాను. ఆదివారం తెల్లవారకముందే సైన్యం విరుచుకుపడింది, యురేకాలో కార్మికులు కర్రలతో బండ్లతో కట్టుకున్న కోట, పావుగంటలో అయిపోయింది. కార్మికుల్లో కనీసం 22 మంది పోయారు, సైనికుల్లో ఐదారుగురు. నాయకుడు పీటర్ లేలర్ ఎడమ చెయ్యి పోయింది. పదముగ్గురి మీద రాజద్రోహం కేసు పెట్టారు, మెల్‌బోర్న్ జ్యూరీ పదముగ్గుర్నీ వదిలేసింది. మొదట వదిలేసింది జాన్ జోసెఫ్‌ని, అమెరికా నుంచి వచ్చిన నల్లజాతి మనిషి, జనం ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి వీధుల్లో మోసుకుంటూ తిరిగారు.

ఇప్పుడు చెప్పండి, ఆ తర్వాత విచారణ కమిషన్ బల్లారట్ వచ్చి సాక్ష్యాలు ఎక్కడ తీసుకుంది? ఎవరైనా? బాత్స్ హోటల్‌లో అండి! ఇందాక పక్కన పెట్టుకోమన్నానే, అదే. ఒక హోటల్ తగలబడ్డంతో మొదలైన గొడవ మీద ఇంకో హోటల్‌లో కూర్చుని విచారణ చేశారు, డిసెంబరులోనే. పెద్ద హాలు ఊళ్ళో ఇంకెక్కడుంది మరి. ఆ కమిషన్ చెప్పినదాన్ని బట్టే 1855లో ఆ నెలవారీ లైసెన్సు ఎత్తేశారు. ఏడాదికి ఒక్క పౌను కట్టి మైనర్స్ రైట్ అనే కాగితం తీసుకుంటే చాలు, తవ్వుకోవచ్చు, ఓటు కూడా వెయ్యొచ్చు. పన్ను కావాలంటే బంగారం దేశం దాటేటప్పుడు ఔన్సుకి రెండున్నర షిల్లింగులు వేసుకోండి, అంటే దొరికినవాడు కడతాడు, దొరకనివాడు కట్టడు. అదే కదండీ వాళ్ళు మొదట్నుంచీ అడిగింది. లేలర్ అదే ఏడాది శాసనమండలికి వెళ్ళాడు, ఒంటి చేత్తో, తర్వాత శాసనసభ స్పీకర్ కూడా అయ్యాడు.

డ్యూస్‌ని పీకేశారు. పీకేస్తే బుద్ధి వచ్చిందా? కెనడా వైపు వెళ్ళి బ్రిటిష్ వాళ్ళ కాలనీలోనే పోస్టాఫీసు పెత్తనం సంపాదించాడు, 1861లో అక్కడి డబ్బుతో ఉడాయించాడు. ఇలాంటివాళ్ళకి ఉద్యోగాలు ఎలా దొరుకుతాయో నాకు ఈ రోజుకీ అర్థం కాదు.

మన సంగతి కూడా ఒక్క నిమిషం. కోలార్ గురించి మీకు తెలుసు కదా, చిత్తూరు సరిహద్దు దాటితే వచ్చేస్తుంది, తమిళులతోపాటు మనవాళ్ళూ తరతరాలు పనిచేశారు. అక్కడ గని తవ్వుకోడానికి 1873లో మైసూరు సంస్థానం దగ్గర అనుమతి తీసుకున్నది లవెల్ అని ఒక ఐరిష్ మాజీ సైనికుడు, న్యూజిలాండ్‌లో మావోరీ యుద్ధాలకి వెళ్ళొచ్చినవాడు, బంగారం పిచ్చి అక్కడే అంటుకుందంటారు. కానీ తేడా చూడండి. బల్లారట్‌లో తవ్వేవాడే కాగితం తీసుకున్నాడు, అందుకే కాగితం మీద తిరగబడగలిగాడు. కోలార్‌లో కాగితం కంపెనీ చేతిలో, తవ్వేవాడు కూలీ. తెల్ల ఆఫీసర్లకి క్లబ్బు, అందులో బారు, కూలీలకి వరసగా తడికల గుడిసెలు. అక్కడా తిరుగుబాట్లు, సమ్మెలు జరిగాయి, వాటి గురించి ఇంకోసారి పెట్టుకుందాం, అది వేరే రోజంతా పడుతుంది.

సరే, నిలబడ్డ హోటల్. 1857లో బాత్ దాన్ని వాల్టర్ క్రెయిగ్ అనే ఆయనకి అమ్మేశాడు. క్రెయిగ్స్ హోటల్ అయింది. 1867లో విక్టోరియా రాణి కొడుకు ఆల్ఫ్రెడ్ రాకుమారుడు దిగాడు, అందుకని క్రెయిగ్స్ రాయల్ హోటల్ అయింది. అదే రోజుల్లో వెనక గుర్రాల కొట్టం అద్దెకి తీసుకుని నడిపినవాడు ఎవరో తెలుసా? ఆడమ్ లిండ్సే గోర్డన్, ఈ దేశపు పెద్ద కవి. కవిగారు వ్యాపారం చేస్తే ఏమవుతుందో అదే అయింది, ఏడాది తిరక్కుండా దివాలా, పసిపాప కూడా పోయింది, ఊరొదిలి వెళ్ళిపోయాడు. ముందు గదిలో రాకుమారుడికి విందు, వెనక కొట్టంలో కవి అప్పుల లెక్క. 1895లో మార్క్ ట్వేన్ కూడా ఈ ఊరొచ్చాడు, యురేకా గురించి చాలా గొప్పగా రాశాడు.

ఆఖరున క్రెయిగ్ గారి గుర్రం కథ చెప్పకపోతే బల్లారట్ వాళ్ళు నన్ను క్షమించరు. ఆయనకి నింబుల్‌ఫుట్ అని ఒక పందెం గుర్రం. 1870లో ఒక రాత్రి కల వచ్చిందట, తన గుర్రం మెల్‌బోర్న్ కప్పు గెలిచింది, కానీ జాకీ చేతికి నల్లగుడ్డ కట్టుకుని ఉన్నాడు. అంటే నేను అప్పటికి ఉండను అని స్నేహితులతో అన్నాడట. ఆగస్టులో చనిపోయాడు. నవంబరులో నింబుల్‌ఫుట్ నిజంగానే కప్పు గెలిచింది, జానీ డే అనే కుర్ర జాకీ, చేతికి నల్లగుడ్డతో. గుర్రం గెలవడం నిజం, ఆయన ముందే పోవడం నిజం, నల్లగుడ్డ కట్టడంలో వింతేముంది, యజమాని పోతే కడతారు. కల సంగతి మాత్రం, పబ్బులో పుట్టిన కథ కాబట్టి పబ్బులో చెప్పుకోడానికి బాగుంటుంది.

వచ్చే నెల అందరం కలిసి వెళ్దామని నిర్వాహకులు అంటున్నారు. వెళ్తే సావరిన్ హిల్ ఒక్కటే చూసి వచ్చెయ్యకండి. లిడియార్డ్ స్ట్రీట్‌లో క్రెయిగ్స్ ముందు కాసేపు నిలబడండి, అక్కణ్ణుంచి కారులో తూర్పుకి ఐదు పది నిమిషాలు వెళ్తే యురేకా సెంటరు, అసలు జెండా అక్కడే ఉంది, చిరుగులతో సహా. ఆ రెండు చోట్ల మధ్య దూరం ఎంత తక్కువో చూస్తే ఆఫీసర్లకి, బురదలో ఉన్నవాళ్ళకి మధ్య ఎంత తేడా ఉండేదో ఇంకా బాగా తెలుస్తుంది. సరేనండి, నేను చెప్పాల్సింది ఇంతే. ప్రశ్నలుంటే ఇప్పుడే అడిగెయ్యండి, వంటింట్లోంచి పులిహోర వాసన వస్తోంది, ఆ తర్వాత నా మాట ఎవరూ వినరు. ఆ, మాస్టారూ, మీరు చెయ్యెత్తారు, అడగండి.